తువ్వాలు చెంగులో మలీదా

నిన్న నంద్యాల నుంచి టూరిస్టు బస్సులో ఆళ్లగడ్డ వెళ్లి, అక్కడి దర్గాలో అడుగుపెట్టగానే మలీదా వాసన. నెయ్యి, బెల్లం, నలిపిన రొట్టె.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. పంతొమ్మిదివందల యాభైల్లో, నేను జ్వరం నుంచి బతికానని మా అమ్మ మొక్కు తీర్చేది. ఏటా పీర్ల పండక్కి నన్ను ఫకీరును చేసేది. మెడలో ఎర్రదారంతో ఇల్లిల్లూ అడుక్కుని, ఆ గింజలు ఈ దర్గా ముంగిట్లోనే పోసి, ఊళ్లోవాళ్లందరిలాగే మలీదా తువ్వాలు చెంగులో పట్టుకునేవాణ్ణి.

"మీకు ఈ దర్గాతో ఏమైనా సంబంధమా?" అన్నాడు పక్కసీటాయన.

"లేదప్పా, ఊరికే చూడ్డానికొచ్చినా" అనేశాను. దర్గా చూసుకునే ముజావరు వెనకే ఉన్నాడు.

మలీదా పంచేటప్పుడు అందరూ కాగితం ప్లేట్లు పట్టారు. నా చేతులు మాత్రం పాత అలవాటుతో తువ్వాలు చెంగు చాపాయి. ముజావరు రెండు పిడికిళ్లు వేసి, మెల్లగా అన్నాడు.

"ఈడి మనిషివే గదా పెద్దాయనా. లేదంటావేంది?"