పోగు అందించేవాడు

మొన్న ఆదివారం మా పెద్దబాపు కొడుకు, అంటే మా అన్న, ఒక గోనెసంచి తెచ్చి నా గదిలో పెట్టాడు. "అటక మీద దొరికింది. పారేద్దామంటే నువ్వే యాదికొచ్చినవ్. నీకు ఇసొంటివి పిచ్చి కదా, ఉంచుకో," అన్నాడు. సంచిలో మా వంశంలోకి వచ్చిన మొట్టమొదటి కంప్యూటర్ ఉంది. నా గదిలో పాత కంప్యూటర్లకు కొదవ లేదు. మా ఆవిడ దాన్ని భంగార్ దుకాణం, అంటే పాత సామాన్ల కొట్టు, అంటుంది. అవన్నీ నేనెందుకు కూడబెట్టానో ఆ సంచి చూడగానే తెలిసిపోయింది. కుళ్ళుతో.

ఎనభైల చివర్లో పెద్దబాపుకు మా ఊళ్ళో కుంఠా నాకా దగ్గర మరమగ్గాలుండేవి. మా బాపు వాటి మీదే తువ్వాళ్లు నేసేవాడు. సరుకు కొనే బొంబాయి సేఠ్ ఒకాయన అన్నకు ఈ కంప్యూటర్ తెచ్చిచ్చాడు. పలకంత ఉండేది, టీవీకి తగిలించాలి. కింద మగ్గాలు ఆడుతుంటే పైన టీవీలో బొమ్మ వణికేది కాబట్టి, మగ్గాలకు సుట్టి, అంటే సెలవు, ఉన్ననాడే దాన్ని బయటికి తీసేవాళ్లు. ఆ రోజు నేను జొన్నరొట్టె నములుతూనే మేముండే నీలం నగర్ నుంచి పరుగెత్తేవాణ్ణి.

మగ్గానికి కొత్త పడుగు దారాలు ఎక్కించడం ఇద్దరి పని. వెనక కూచున్నవాడు ఒక్కో పోగూ అందిస్తే, ముందున్నవాడు కొక్కెంతో లాక్కుంటాడు. గుడ్డ నేసినవాడికి పేరొస్తుంది గాని, పోగు అందించినవాణ్ణి ఎవరూ తలుచుకోరు. నేను బాపుకు చిన్నప్పటి నుంచీ పోగులందించేవాణ్ణి. అది చూసిన పెద్దబాపు కంప్యూటర్ దగ్గరా నాకు అదే కొలువిచ్చాడు. "వీడు మంచిగ అందిస్తడు. పుస్తకంల ఉన్నది వీడు చదువుతడు, నువ్వు కొట్టు," అన్నాడు. అన్న కుర్చీలో, నేను పక్కన స్టూలు మీద. కంప్యూటర్‌తో వచ్చిన ఆ పుస్తకంలో ప్రోగ్రాం వరసలకు పది, ఇరవై, ముప్పై అని అంకెలుండేవి. అన్నీ కొట్టడం పూర్తయితే తెర మీద ఒక పడవ కదిలేది. అది చూసి ఇంటిల్లిపాదీ అన్న వీపు తట్టేవాళ్లు.

నాకు కడుపు మండిపోయేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ మీటలు నొక్కి తెర మీద నా పేరు చూసుకోవాలని ఉండేది. చెయ్యి చాపితే, "ఏంది రా, చెయ్యి తియ్! మగ్గం నూనె ఉన్నది," అనేవాడు అన్న. సబ్బుతో రుద్దుకొని వస్తే, "తడి ఉన్నది, షాక్ కొడ్తది," అనేవాడు. ఆరబెట్టుకొని వచ్చేసరికి కరెంటు పోయేది. కరెంటు పోతే కొట్టినదంతా మాయం. దాన్ని క్యాసెట్‌లో దాచిపెట్టే టేప్ రికార్డర్ పెద్దమ్మ భజనలకు కావాలి. అందుకని ప్రతి సుట్టికీ మళ్ళీ మొదటి నుంచి అందించడమే. అలా ఆ వరసలు నా నోటికి వచ్చేశాయి.

తొంభైల్లో నా సొంత జీతంతో ఒక కంప్యూటర్ కొన్నాను. మా బాపు దానికి కొబ్బరికాయ కొట్టాడు. నేను ముందుగా పరుగెత్తింది అన్న దగ్గరికే. అతని మొహం మాడిపోతే చూడాలని నా ఆశ. "మంచిగైంది. తువ్వాళ్ల ఆర్డర్ ఉన్నది, తర్వాత వస్త," అని దారం కట్టలు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాడు. రానేలేదు. కుళ్ళుకోవాల్సినవాడు కుళ్ళుకోకపోతే ఎంత కష్టమో అనుభవిస్తే గాని తెలియదు. ఆ కష్టంలో ఇంకోటి కొన్నాను, ఆ తర్వాత మరోటి.

ఇప్పుడు ఆ అసలుదే ఇంటికొచ్చింది. అన్న ఇంకా అక్కడ ఉండగానే దుమ్ము దులిపి, నా పాత టీవీకి తగిలించాను. ఎక్కడో సన్నగా గుయ్యిమంది, తెర వెలిగింది, మూలన చిన్న గడి వెలిగి ఆరసాగింది. నా చేతులు చూసుకున్నాను. చేతులకు నూనె లేదు, తడి లేదు. వైరు సరిచేసి తల ఎత్తేసరికి అన్న కళ్ళజోడు పెట్టుకొని నా కుర్చీలో కూచొని ఉన్నాడు.

"పుస్తకం లేదు కదా రా," అన్నాడు.

"అక్కర్లేదు," అన్నాను. స్టూలు ఎప్పుడు లాక్కున్నానో నాకే తెలియదు. పది అంకె ఉన్న వరస చెప్పాను. ఒక్కో మీటా వెతుక్కుంటూ కొట్టాడు.

"మల్ల? ఇరవై ఏంది?"

ఇల్లు నాది, కుర్చీ నాది, కంప్యూటరూ నాదే. ఇరవై చెప్పాను. ఇన్నేళ్ల కాలం మా ఇద్దరి తలలూ నెరిసేలా చేసింది గాని, మమ్మల్ని కూచున్న చోటి నుంచి జరపలేకపోయింది.