వాయిదాలకు తీసుకెళ్లారు, దవాఖానకు కాదు

నా అరచేతుల్లో మచ్చలు మొదట చూసింది మహబూబాబాద్ కోర్టు వరండాలో. ఆ రోజు మా ఆయన కేసు వాయిదా. నాకు ఐదో నెల. కొంగు నిండుగా కప్పుకోబోతే అత్తమ్మ ఆపింది.

"కడుపు కనబడనియ్యి బిడ్డా. జడ్జి సారు చూడాలె."

కొంగు వదిలేసినప్పుడు కనిపించాయి, రాగిరంగు మచ్చలు. దురద లేదు, నొప్పి లేదు.

మాది మహదేవపూర్ దగ్గర ఊరు. డిగ్రీ కాగానే నర్సింహులపేట దగ్గరి ఊరికి ఇచ్చి పెళ్లి చేశారు. ఆయనకు ఇరవై మూడేళ్లు. గంజాయి కేసులో జైలుకు పోయి బెయిల్ మీద బయటికి వచ్చాడు. కేసు చిన్నదన్నారు, అలవాటు మానేశాడన్నారు. పెళ్లికి ఆ తొందర ఎందుకో తర్వాత తెలిసింది. పెళ్లాం, పిల్లలు ఉన్నవాడంటే కోర్టు జాలి పడుతుందని వకీలు గుమాస్తా చెప్పాడట. సర్కారు దవాఖాన వైపు పోవద్దని, మత్తు అలవాటుందని అక్కడ రాస్తే ఆ కాగితం కోర్టుకు వస్తుందని చెప్పింది కూడా అతనే. ఆ ఇంట్లో డాక్టరు మాటకన్నా గుమాస్తా మాటకే విలువ.

కాబట్టి నన్ను ఒక చిన్న ప్రైవేటు క్లినిక్‌లో చూపించారు. స్కానింగ్ తీశారు, రక్తం ఎంతుందో చూశారు. అంతకుమించి ఏ పరీక్షా చేయలేదు. మచ్చలు చూపిస్తే ఊళ్లో ఆరెంపీ వేడి చేసిందన్నాడు, ఎలర్జీ మాత్రలు ఇచ్చాడు. కొన్నాళ్లకు మచ్చలు పోయాయి. మాత్రలు పనిచేశాయనుకున్నాం.

ఏడో నెల నిండాక బిడ్డ కదలడం ఆగింది. క్లినిక్ వాళ్లు చేతులెత్తేసి పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. అన్నాళ్లూ వద్దన్న సర్కారు దవాఖానకే అప్పుడు ఆటోలో పరుగెత్తించారు. ఆడపిల్ల. చనిపోయి పుట్టింది. నేను పుస్తకాలు బాగా చదివినదాన్నే, కానీ దీనికి పోలికలు వెతకను. ముఖం చూశాను. మూడో రోజు నాకు పాలు వచ్చాయి.

డాక్టరమ్మ రక్తపరీక్ష రిపోర్టు పట్టుకుని మంచం పక్కన కూర్చుంది. "వీడీఆర్‌ఎల్ రియాక్టివ్ వచ్చిందమ్మా. సిఫిలిస్ అంటరు, సుఖవ్యాధి. హెచ్‌ఐవీ లేదు. మొదట్ల పరీక్ష చేసి ఉంటే ఇంజెక్షన్‌తో నయమయ్యేది. బిడ్డ కూడ దక్కేదేమో."

తర్వాత మా ఆయనను పిలిపించింది. నేల చూస్తూ చెప్పాడు. అరెస్టుకు ముందు స్నేహితులతో గంజాయి తాగేవాడు, మాత్రలు వేసేవాడు. ఆ మత్తులో ఎక్కడికి పోయాడో, ఎవరితో ఉన్నాడో సగం గుర్తులేదు. "బెయిల్ మీద వచ్చినంక పుండు అయింది మేడం. దవాఖానకు పోతనంటే కేసుల పడుతదని బాపు వద్దన్నడు. అదే మానింది. ఇగ పోయిందనుకున్న."

"వీడీఆర్‌ఎల్ చేస్తే గంజాయి తాగినట్టు ఎవరికి తెలుస్తదయ్యా?" అన్నది ఆమె.

ఆ సాయంత్రం వార్డు బయట మామ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతుంటే కిటికీలోంచి వినబడింది. "బిడ్డ పోయిన సంగతి గూడ వకీలుకు చెప్పాలె. జర జాలి పడతరు."

నాకు వారానికొకటి చొప్పున మూడు పెన్సిలిన్ ఇంజెక్షన్లు రాశారు. మొదటిదానికి చలిజ్వరం వచ్చింది. అది మామూలేనని నర్సు చెప్పింది. ఇంజెక్షన్ చేసిన చోట రెండు రోజులు కూర్చోలేకపోయాను. ఆయనకు కూడా అవే రాశారు. ఆయన మొదటి ఇంజెక్షన్ రోజే కేసు వాయిదా కూడా వచ్చింది. కోర్టుకు పోయాడు. తర్వాత దవాఖానకు రానే లేదు. నాకు మాత్రం చేయించుకున్నానని చెప్పాడు. నమ్మి కాపురానికి వెళ్లాను.

రక్తపరీక్షలో జబ్బు ఎంతుందో చెప్పే అంకెను టైటర్ అంటారు. మొదట తగ్గిన ఆ టైటర్ ఆరు నెలలకు మళ్లీ పెరిగింది. "ఆయన చేయించుకోలేదు గదా?" అని డాక్టరమ్మ అడిగితే నాకు కోపం కూడా రాలేదు. మళ్లీ మొదటి నుంచి ఇంజెక్షన్లు తీసుకున్నాను. చివరిది అయ్యాక అత్తగారింటికి వెళ్లలేదు, జనగామ బస్సెక్కాను.

ఇప్పుడు జనగామలో ఒక బడిలో తెలుగు చెబుతున్నాను. గది అద్దెకు తీసుకుని ఒక్కదాన్నే ఉంటున్నాను. టైటర్ తగ్గుతోంది. కేసు మాత్రం నడుస్తూనే ఉంది.

నేను చెప్పగలిగింది ఒకటే. ఇంట్లో మత్తు కేసు ఉన్న కుర్రాడుంటే కోర్టు సంగతి వకీలునే అడగండి, ఒంటి సంగతి మాత్రం అడగకండి. సర్కారు దవాఖానలో హెచ్‌ఐవీ, వీడీఆర్‌ఎల్ పరీక్షలు ఉచితంగానే చేస్తారు. అతనికి పెళ్లి సంబంధం చూడకముందే చేయించండి. పెళ్లయి ఉంటే ఇద్దరూ చేయించుకోండి, అవతలివాళ్లకు ఇంజెక్షన్ వేయడం మీ కళ్లతో చూడండి.

పోయిన వారం మామ ఫోన్ చేశాడు. "వచ్చే వాయిదాకు జర రా బిడ్డా. నువ్వు పక్కకు నిలబడితె వానికి బలం."

"ఆ దినం నాకు రక్తపరీక్ష ఉన్నది మామ. ఆయనను గూడ దవాఖానకు తోలియ్యి."

"మరి కోర్టు ఎట్ల బిడ్డా?"

"కోర్టు ఇంకో తారీఖు ఇస్తది మామ" అన్నాను.