రెండు పార్టీల చేతిలో ఒకటే ఫొటో

ఖాలిక్ గారిది మాకు పడని పార్టీ. నిజానికి ఆయనకు ఏ పార్టీ లేదు, జీతమిచ్చే ఎంపీ గారిది ఆ పార్టీ. ఆయన అక్కడ టైపిస్టు. నేను పనిచేసేది ప్రతిపక్షం ఎంపీ గారి దగ్గర. రెండు ఆఫీసులూ విజయవాడలో ఒకే రోడ్డు మీద, అటొకటి ఇటొకటి. వాళ్ల టీకొట్టు వేరు, మా టీకొట్టు వేరు. జిరాక్స్ కూడా ఒకే షాపులో తీయించుకోం. ఇంత పట్టింపు ఎందుకని ఎవరన్నా అడిగితే ముందుగా కస్సుమని లేచేది నేనే.

అలాంటిది, రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆయన రోడ్డు దాటి మా మెట్లెక్కారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఇస్త్రీ చొక్కా, చంకలో ప్లాస్టిక్ ఫైలు. మావాళ్లంతా గుడ్లప్పగించి చూస్తున్నారు. ఆయన అవేవీ పట్టించుకోకుండా నా బల్ల దగ్గరికొచ్చి, ఈ కాయితం మీ సారుకు చేర్చమ్మా అన్నారు.

ఫైల్లో ఒక పేజీ నోటు, ఒక ఫొటో. ఫొటోలో ఒకావిడ మగ్గం గుంటలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంది. పేరు సుబ్బరత్నం, చల్లపల్లి దగ్గర పల్లెటూరు. వాళ్లవి గుంట మగ్గాలు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, కింద చెక్కలు తొక్కుతూ నేయాలి. మన డెల్టాలో వానలు పడితే నేలే నీరు కక్కుతుంది. గుంట నిండుతుంది, పడుగు చెమ్మ పట్టి నూలు తెగుతుంది. ఏడాదికి మూడు నెలలు పని లేదు, పని లేకపోతే కూలీ లేదు. షెడ్డు నేల రెండడుగులు లేపి, గుంటకు సిమెంటు గోడ కట్టిస్తే చాలు. చేనేతకిచ్చే కేంద్రం నిధుల్లో దీనికంటూ ఒక పద్దు లేదు. నోటు సారాంశం ఇంతే.

సుబ్బరత్నం అర్జీ పట్టుకుని మొదట వాళ్ల ఆఫీసుకే వచ్చిందట. ఖాలిక్ గారికి ఒక అలవాటుంది. కళ్లతో చూడని కష్టాన్ని ఆయన టైపు చేయరు. ఆదివారం పామర్రు మీదుగా బస్సులో సొంత డబ్బుతో వెళ్లి, ప్యాంటు పైకి మడిచి తనూ ఆ గుంటలోకి దిగి చూశారట. ఫొటో తీసింది ఆ తర్వాతే. అర్జీలు టైపు చేసేవాళ్లను చాలామందిని చూశాను, నీళ్లలో దిగినవారిని ఈయన్నొక్కరినే చూశాను.

"మీ సారుకే ఇవ్వచ్చుగా, మాకెందుకండీ?" అన్నాను, కాస్త వెటకారంగానే.

"ఆయనకూ ఇచ్చానమ్మా. ఇద్దరూ చేనేత పద్దులు చూసే ఒకే పార్లమెంటు కమిటీలో ఉన్నారు. ఒక్కరికే ఇస్తే రెండోవారు అడ్డుపడతారు. ఇద్దరి దగ్గరా ఇదే కాయితం ఉంటే ఎవరూ కాదనలేరు," అన్నారు.

ఆయన లెక్క నాకు తర్వాత అర్థమైంది. బడ్జెట్ పెట్టాక పార్లమెంటుకు కొన్నాళ్లు విరామం ఇస్తారు. ఆ రోజుల్లో ఏ శాఖ ఎంత అడిగిందో, ఎందుకు అడిగిందో కమిటీలు తలుపులు వేసుకుని చూస్తాయి. అన్ని పార్టీలవాళ్లూ ఉంటారు, కెమెరాలుండవు. ఆ తర్వాత సభలో చర్చ జరగాలి, జరిగితే. రెండు పక్షాలూ పంతానికి పోతే రోజులన్నీ నినాదాల్లో కొట్టుకుపోతాయి. చివరి రోజు స్పీకరు మిగిలిన శాఖలన్నింటి పద్దులనూ ఒక్క ఓటుతో తేల్చేస్తారు. దాన్ని గిలెటిన్ అంటారు. సభను నమ్ముకుంటే పనికాదని పందొమ్మిదేళ్లుగా చూసి చూసి ఆ టైపిస్టుకు తెలిసిపోయింది. మా సార్లకు తెలియలేదు.

కమిటీలో జరిగింది మా సారే వచ్చి నవ్వుతూ చెప్పారు. ఆయన ఫొటో తీసి చూపిస్తుంటే ఎదుటి పార్టీ ఆయన కూడా తన ఫైల్లోంచి ఫొటో తీశాడట. అదే గుంట, అదే సుబ్బరత్నం. గది గదంతా నవ్వారట. ఎప్పుడూ కలవని మీరిద్దరూ ఒకటే అడుగుతుంటే ఇక మాట్లాడేదేముంది అని ఛైర్మన్ గారు దీనికి నిధులివ్వాలని నివేదికలో ఒక పేరా రాయించారు.

కథ అక్కడితో ముగిసిపోతే బాగుండేది. నివేదిక బయటికొచ్చిన మర్నాడు ఎదుటి ఆఫీసు పీఏ నాకు ఫోన్ చేశాడు. మా ఫొటో మీరు దొంగతనం చేశారు, ఆ ఘనత మాది అన్నాడు. దొంగ అనే మాట వినగానే నాకు ఒళ్లు మండింది. "మీ ఖాలిక్ గారే తెచ్చిచ్చారు, వెళ్లి అడగండి," అని ఫోన్ పెట్టేశాను. గెలిచాననుకుని టీ కూడా తెప్పించుకున్నాను. సాయంత్రానికల్లా ఆయన్ను తీసేశారు.

నాలుగు రోజులు మొహం చెల్లలేదు. ఐదో రోజు వించిపేటలో వాళ్లింటికి వెళ్లాను. ఆయన టీవీలో లోక్‌సభ చూస్తున్నారు. ఆ రోజే గిలెటిన్. మా పార్టీవాళ్లు ప్లకార్డులు పట్టుకుని అరుస్తున్నారు, వాళ్ల పార్టీవాళ్లు అంతకు రెట్టింపు అరుస్తున్నారు. ఆ గోలలోనే దేశం పద్దులన్నీ పాసైపోయాయి. చేనేత అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. నాకు సిగ్గేసింది, మావాళ్లను చూసి కూడా.

నేను తప్పు ఒప్పుకోవడం మొదలుపెట్టానో లేదో ఆయన అడ్డొచ్చారు. "ఈ గొడవలో ఆ పేరా తీసేయలేదు కదమ్మా?"

నివేదికలో అచ్చయిపోయింది, ఇక ఎవరూ తీయలేరని చెప్పాను.

"అయితే ఏం పోయింది?" అన్నారు.

"ఉద్యోగం పోయింది," అంది ఆయన భార్య అన్వరీ, నా ముందు టీ గ్లాసు పెడుతూ. నా మొహం మాత్రం చూడలేదు.

ఆ పేరాను పట్టుకుని శాఖ కదలడానికి ఏడాది పైన పట్టింది. ప్రయోగంగా కొన్ని ఊళ్లను తీసుకుంటే వాటిలో సుబ్బరత్నం వాళ్లదీ ఉంది. చల్లపల్లి సెంటర్లో రెండు పార్టీల ఫ్లెక్సీలూ లేచాయి. మాది రెండడుగులు ఎక్కువ పొడవు. ఆ ఊరి నేతగాళ్ల దరఖాస్తులన్నీ నింపింది మాత్రం ఖాలిక్ గారు. అప్పటికి ఆయన ఒక జిరాక్స్ షాపులో రోజు కూలీకి టైపు చేస్తున్నారు. దరఖాస్తులకు పైసా తీసుకోలేదు.

మొన్న ఆగస్టులో నాలుగు రోజులు విడవకుండా వాన. కొత్తగా లేపిన షెడ్డు చూసొద్దాం రమ్మన్నారు ఖాలిక్ గారు, వెళ్లాను. వీధిలో పిక్కల్లోతు నీళ్లు. షెడ్డులో సుబ్బరత్నం నేస్తోంది. గుంట పొడిగా ఉంది. ఖాలిక్ గారు వంగి, చెయ్యి పెట్టి అడుగున తడిమి చూశారు. అంత గొప్ప మనిషి నాకింకొకరు తెలియదని ఆ క్షణాన నిజంగా అనిపించింది.

నేత ఆపకుండానే సుబ్బరత్నం అడిగింది, ఆఫీసుకు వెళ్లడం లేదంటగదా సారూ, ఏమైందని.

"వయసైపోయిందమ్మా, నేనే మానేశాను," అన్నారాయన.

నన్ను కాపాడటానికే ఆ అబద్ధం. ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయాను.

"కాదు. నా నోటిదురుసు వల్ల పోయింది సుబ్బరత్నం గారూ. ఆయన మీకోసం మా గుమ్మం తొక్కిన సంగతి నేనే బయటపెట్టాను," అన్నాను.

మగ్గం చప్పుడు ఆగింది. సుబ్బరత్నం నావైపు చూసింది, ఆయనవైపు చూసింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఆపకు తల్లీ," అన్నారు ఖాలిక్ గారు. "ఇన్నేళ్లు ఆగింది చాలు."