తలుపు వేసే ముందు పిలుపు

2022 వేసవి. ఉపాధి కార్యాలయంలో పదవీ విరమణ చేసిన తరువాత, నరసరావుపేటలో మా ఇంటి ముందు గదిలోనే, పని మారదలచినవారికి సలహాలు చెబుతున్నాను. మొదట మాక్ ఇంటర్వ్యూ చేస్తాను. అంటే యజమాని అడగబోయే ప్రశ్నలను నేనే ముందుగా అడగడం. వాటిలో అందరూ తడబడేది ఒక్కచోటే: పాత పని ఎందుకు మానుతున్నారు?

మస్తాన్‌వలి అక్కడే ఆగిపోయాడు. రాజుపాలెం దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో పదకొండేళ్ళుగా ఛాంబర్ ఆపరేటర్. మిరప బస్తాలు నిలవచేసే చల్లని గదిని ఛాంబర్ అంటారు.

“జీతం చాలక అని చెప్పండి,” అన్నాను.

“జీతం బానే ఇస్తన్నారు సార్.”

“మరి?”

ఛాంబర్ తలుపు బయటినుంచే బిగించేది, లోపలివారు తెరవలేరు. అందుచేత లోపలికి వెళ్ళిన హమాలీలను, బయటికి వచ్చినవారిని లెక్కపెట్టి, “ఎవరన్నా ఉండారా?” అని కేకవేసి, ఆగి విని, ఆ తరువాతే మూయడం అక్కడి పద్ధతి. ఈమధ్య అందరూ వచ్చేశాక కూడా లోపలినుంచి “వస్తన్నా అన్నా” అని వినిపిస్తోందట. టార్చితో వెతికితే ఎవరూ ఉండరట.

“మా మేస్త్రీకి నవ్వులాటయింది సార్. ‘ఏందిరా మస్తానూ, మిరక్కాయలు నిన్ను అన్నా అంటన్నయ్యంటగా, రాఖీ గూడా కట్టినయ్యా?’ అంటన్నాడు.”

“దయ్యమని భయమా?”

“దయ్యమైతే నాకేంది సార్? అలవాటైపోద్దని భయం. రేపు నిజంగా మనిషే పలికితే, ఇదీ అదేలే అని తలుపేసేస్తే?”

లెక్కకు అందనిదాన్ని నేను నమ్మను. మరునాటి మధ్యాహ్నం స్వయంగా వెళ్ళాను. ఏడుగురు లోపలికి వెళ్ళారు. ఏడుగురూ వచ్చి నా ఎదుటే టీ తాగుతున్నారు. మస్తాన్ కేకవేశాడు. తెల్లని చలి గడప దాటి మా పాదాలమీదికి పాకింది. ఎక్కడో బస్తాల వెనుకనుంచి, అలసిన గొంతు:

“వస్తన్నా అన్నా.”

హమాలీలలో ఒక్కరూ తల తిప్పలేదు.

“లెక్క సరిపోయింది, వేసెయ్యండి,” అన్నాను. మస్తాన్ నా వైపు ఒకసారి చూసి, టార్చి తీసుకుని లోపలికి నడిచాడు. చివరి వరుసదాకా వెతికి తిరిగి వచ్చి, “లేరు సార్,” అన్నాడు. అప్పుడు మూశాడు.

తరువాత మస్తాన్ గురజాలలో స్కూలు బస్సు అటెండరు పనికి వెళ్ళినప్పుడు అదే ప్రశ్న ఎదురైంది. అతడు ఏమీ దాచకుండా చెప్పాడట. కరస్పాండెంటమ్మ నవ్వలేదు. “బస్సుకి తాళమేసే ముందు సీటు సీటూ చూస్తావుగా?” అని మాత్రం అడిగి, పనిలోకి తీసుకున్నది.

పోయిన ఏడాది మరొక అభ్యర్థి విషయమై ఆ కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాను. కొత్త ఆపరేటర్ కేకవేసి, ఆగకుండానే తలుపు బిగిస్తున్నాడు. లోపలినుంచి ఏమైనా వినిపిస్తుందా అని అడిగాను.

“పలుకుద్ది పెద్దయ్యా. మొదట్లో చూసేవోణ్ణి. ఇప్పుడు అలవాటైపోయింది.”

తలుపు తీయించి, టార్చి అడిగి తీసుకుని, చివరి వరుసదాకా నేనే నడిచాను. “లెక్క సరిపోయింది పెద్దయ్యా,” అని అతడు వెనుకనుంచి చెబుతూనే ఉన్నాడు. లోపల ఎవరూ లేరు.

నాటినుంచి జీతం సంగతి తరువాత అడుగుతున్నాను. ఈ పనిలో దేనికి అలవాటుపడిపోతారని మీకు భయంగా ఉంది? నా గదిలో ఇప్పుడు మొదటి ప్రశ్న ఇదే.