చీరాలలో బాక్స్ పీసు, ట్రే పీసు

2003 జూన్‌లో నన్ను గుంటూరు ఆఫీసు నుంచి చీరాలకు వేశారు. హోదా సీనియర్ సర్వీస్ ఇంజనీరు. కంప్యూటర్ విడిభాగాలను ఊళ్ళలోని షాపులకు సరఫరా చేసే సంస్థ మాది. ఫిర్యాదు వస్తే వెళ్ళి, తప్పు వస్తువుదా, బిగించినవాడిదా, వాడినవాడిదా అని తేల్చడం నా పని. మొదటిది తేల్చడం తేలిక. మిగతా రెండూ తేల్చబోతే కాఫీ ఇచ్చిన ఇంట్లోనే మొహాలు మాడిపోతాయి.

ఆ రోజుల్లో ఎక్కడికెళ్ళినా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. ప్రాసెసరు బాక్స్ పీసు తీసుకోమంటారా, ట్రే పీసు తీసుకోమంటారా అని. ప్రాసెసరంటే కంప్యూటర్లో లెక్కలన్నీ చేసే చిప్పు. బాక్స్ పీసు సీలు వేసిన డబ్బాలో, దానికి సరిపడే ఫ్యానుతో సహా వస్తుంది. మూడేళ్ళ వారంటీ తయారుచేసిన కంపెనీదే. ట్రే పీసు పెద్ద పెద్ద కంపెనీలు టోకున కొనుక్కోవడానికి చేసింది. అందులోంచి కొన్ని షాపులకొస్తాయి. డబ్బా ఉండదు, ఫ్యాను విడిగా కొనుక్కోవాలి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి చేతికిస్తారు. వారంటీ షాపువాడి మాట మీద ఏడాది. లోపలి చిప్పు మాత్రం రెండింట్లోనూ ఒకటే. ఈ ఆఖరి మాట చెప్పగానే జనం నన్ను అనుమానంగా చూసేవారు. ఒకటే అయితే డబ్బాకెందుకు ఎక్కువ పెట్టాలని.

కోటేశ్వరమ్మ గారు మాత్రం అలా చూడలేదు. ఆవిడ మరమగ్గాలకు చీరల అంచు డిజైన్లు గీసేవారు. వాళ్ళాయన గ్రాఫు కాగితం మీద గీసే పనిని, నలభై దాటాక ఆవిడ కంప్యూటర్ మీద నేర్చుకున్నారు. రెండు యంత్రాలు పెట్టుకున్నారు. బిల్లులకీ టైపుకీ ట్రే పీసుతో ఒకటి. డిజైన్లకి, నా సలహా మీద, బాక్స్ పీసుతో ఒకటి.

నెల తిరక్కుండానే ఫిర్యాదు వచ్చింది. వెళ్ళగానే ఆవిడ కుర్చీ చూపించలేదు.

"ఏవండీ, మీరు చెప్పారనే డబ్బాది కొన్నాను. కవర్లో వచ్చింది శుభ్రంగా పనిచేస్తోంది. ఇదేమో కాసేపు నడిచి, నత్తలా పాకి, చచ్చి ఊరుకుంటోంది. సోమవారం సొసైటీ వాళ్ళొస్తున్నారు. వాళ్ళ ముందు అంచు గీసి, రంగులు మార్చి చూపించాలి. ఇది ఆగిందంటే ఆ పని గుంటూరు వాళ్ళకి పోతుంది. అప్పుడు నేనీ రెండు పెట్టెలూ ఏం చేసుకోను?"

నేత సహకార సొసైటీ తన డిజైన్ల పని మొత్తం ఒక్కరికే ఇవ్వాలనుకుంటోంది. అది దక్కితేనే ఆవిడ కంప్యూటర్ పని నిలబడుతుంది. లేకపోతే మళ్ళీ గ్రాఫు కాగితమే. నేను వెళ్ళింది శనివారం.

లక్షణాలు చూస్తే వేడి సంగతని తెలుస్తూనే ఉంది. ఆ రకం ప్రాసెసరు వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ తగ్గకపోతే ఆగిపోతుంది. చీరాలలో మొదటి ముద్దాయి నూలు నుసి. మగ్గాలున్న ఇళ్ళలో అది ఫ్యాను రెక్కలకి పట్టేస్తుంది. కానీ ఇక్కడ ఫ్యాను కొత్తది, కొత్తగానే ఉంది. బాగా తిరుగుతోంది. పక్క యంత్రంలోని పవర్ సప్లై తీసి పెట్టి చూశాను. తేడా లేదు.

నిజం చెప్పాలంటే అప్పటికి నాకు ఆవిడ కష్టం కన్నా ఇది ఎందుకిలా చేస్తోందన్న కుతూహలమే ఎక్కువైంది. ఒకే చిప్పు, ఒకే గది, ఒకే కరెంటు, పైగా దీనికి కంపెనీ ఫ్యాను. మరి కవర్లో వచ్చింది బాగుండి ఇది పడిపోవడమేమిటి? ఒక దొంగ వ్యాపారం గుర్తొచ్చింది. ట్రే పీసుని పాత డబ్బాలో పెట్టి, నకిలీ ఫ్యాను జతచేసి, సీలు అంటించి అమ్మేవాళ్ళు అక్కడక్కడా ఉండేవారు. అది తేల్చడానికి దారి ఒకటే. డబ్బా మీది నంబరూ, చిప్పు మూత మీద చెక్కిన నంబరూ కలవాలి. డబ్బా అడిగితే బీరువాలోంచి తీసిచ్చారు. చిప్పు మీది నంబరు చూడాలంటే ఫ్యాను ఊడదీయాలి.

ఊడదీశాను. నంబరు కనపడలేదు. వెండిలా మెరవాల్సిన మూత మీద ఎండిపోయిన పసుపు, దాని మధ్యలో కుంకుమ బొట్టు, అంచున అక్షింతల్లోంచి రాలిన నూక ఒకటి. ఫ్యాను అడుగు చిప్పుకి పూర్తిగా ఆనితేనే వేడి పైకి లాగుతుంది. ఇక్కడ ఆ నూక మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుంది.

పెద్దగా నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. షాపు యజమాని శేషగిరిని పిలిపించాను. యంత్రం బిగించింది అతనే. ట్రే పీసు యంత్రాన్ని షాపులోనే బిగించి తెచ్చాడట. డబ్బా మాత్రం తన ఎదుటే, ముహూర్తానికే విప్పాలని కోటేశ్వరమ్మ గారు పట్టుబట్టారట. చిప్పు బోర్డులో కూర్చోబెట్టగానే ఆవిడ పూజపళ్ళెం తెచ్చి బొట్టు పెట్టేశారు. కవర్లో వచ్చినదానికి ఎవరూ బొట్టు పెట్టలేదు కాబట్టి అది బతికిపోయింది.

ఫ్యాను పెట్టే ముందు ఉపరితలం శుభ్రం చేయాలని నీకు తెలియదా అని శేషగిరిని గట్టిగానే అడిగాను. అతను తల వంచుకుని, "తెలుసండీ. ముత్తైదువ పెట్టిన బొట్టు ఆవిడ ఎదుటే ఎలా తుడుస్తానండీ?" అన్నాడు.

నా చేతిలో స్పిరిట్ సీసా, దూది ఉన్నాయి. నేను శిక్షణ పొందినవాణ్ణి, సంస్థ నియమాలు కంఠతా వచ్చినవాణ్ణి. అయినా దూది తడిపి అలాగే నిలబడ్డాను. తుడవకపోతే సోమవారం ఆవిడ పని పోతుంది. తుడుద్దామంటే, తలుపు దగ్గర వాళ్ళాయన నిలబడి చూస్తున్నారు.

కోటేశ్వరమ్మ గారు నన్నూ, శేషగిరినీ మార్చి మార్చి చూశారు.

"ఇటివ్వండి. పెట్టిందాన్ని నేను, తీసేదీ నేనే," అని దూది తీసుకుని, బొట్టు శుభ్రంగా తుడిచేశారు. తర్వాత యంత్రం పైపెట్టె మీద ఇంకో బొట్టు పెట్టి, "ఇక్కడుంటే వేడి అడ్డురాదు కదండీ?" అని అడిగారు. రాదన్నాను.

నంబరు కలిసింది. డబ్బా అసలుదే. వేడి లాగడానికి ఫ్యాను అడుగున కంపెనీ పూసిన మందు పాడైంది కాబట్టి, దాని బదులు థర్మల్ పేస్టు రాసి బిగించాను. యంత్రం సాయంత్రం దాకా ఆగకుండా నడిచింది. సోమవారం సొసైటీ వాళ్ళ ముందు కూడా ఆగలేదు. పని ఆవిడకే వచ్చింది.

రిపోర్టులో తప్పు ఎవరిదో రాయాలి. వస్తువుది కాదని రాశాను. శేషగిరి పేరు రాయబోయి మానుకున్నాను, ఎందుకంటే ఆ దూది పట్టుకుని నేను కూడా తుడవలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, బాక్స్ కొన్నా ట్రే కొన్నా, మా వాళ్ళకి ఒకటే చెప్పాను: పెట్టె విప్పక ముందే పూజ చేయించండి, విప్పాక బొట్టు కనపడితే పెట్టినవాళ్ళకే దూది ఇవ్వండి.