పసుపుగానే ఉన్న కాగితం

మా పక్క జొన్న చేనంటే మేతా అదే, చావూ అదే. వాన లేక చేను వాడిపోయి, తర్వాతెప్పుడో ఒక జల్లు పడి మొదళ్ళ దగ్గర పిలకలు లేచినాయంటే ఆ పిలకల్లో విషం పుడుతుంది. దాన్ని మేం నాము అంటాం. నాము తిన్న గొర్రె మేసిన చోటే కూలబడిపోతుంది. నోరు తెరుచుకుని ఊపిరి కోసం కొట్టుకుంటుంది, కాసేపటికి ఆ కొట్టుకోవడమూ ఉండదు. త్రిపురాంతకం పక్క పల్లెల్లో గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినోళ్ళకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. నేను మాత్రం దీన్ని రెండోసారి హైదరాబాదులో ఇంగ్లీషులో నేర్చుకున్నా. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, ఆ సామెత నాకోసమే పుట్టిందేమో.

డాక్టరేటు ముగించి ల్యాబులో చేరిన రెండో ఏడు, కొత్తగా పరిశోధనలోకి వచ్చినోళ్ళకు మొక్కల డిజైన్ పోటీ అని ఒకటి పెట్టినారు. నలుగురు కలిసి జట్టు కట్టాల. మొక్కను పెంచి చూపించే పని లేదు. ఇల్లు కట్టే ముందు ప్లాను గీసినట్టు, ఏ జన్యువును ఎక్కడ పెడతామో, దాన్ని ఎప్పుడు ఆపుతామో, దానివల్ల ఎవరికి మేలో గీసి చూపించాల. నా జట్టులో మిగతా ముగ్గురూ కాలువ కింద పుట్టినోళ్ళు. వాన కోసం మొగులు చూసి మెడలు నొప్పి పుట్టడమంటే ఏందో వాళ్ళకు తెలియదు. అందుకని ఆలోచన నాదే అయింది. మొక్కకు దాహం వేసినప్పుడు తనంతట తానే విషం తయారీ ఆపేసే జొన్న. మామూలు రోజుల్లో పురుగును తట్టుకోడానికి విషం ఉంటుంది, ఎండిపోయినప్పుడు లోపల మీట పడిపోతుంది, గొర్రె బతుకుతుంది. మా జట్టు నాయకురాలు వింటానే "ఇదే చేద్దాం, ఇంకోటి వద్దు" అనింది. నాకు గర్వం నెత్తికెక్కింది. అబద్ధం ఎందుకు చెప్పాల.

"నిజం చేను ఫొటోలుంటే బాగుంటుంది. నువ్వే వెళ్ళి ఆకుల్లో విషం పరీక్ష చేసుకురా" అని కూడా అనింది. అట్ల నేను పరీక్ష కాగితాలు, మూతల సీసాలు సంచిలో వేసుకుని మార్కాపురం బస్సెక్కినా. పరీక్ష సులువే. ఆకును ముక్కలు చేసి సీసాలో వేసి, పసుపు కాగితం ముక్క ఒకటి లోపల వేలాడదీసి మూత బిగించాల. విషముంటే కాగితం ఇటుక రంగుకు తిరుగుతుంది. లేకుంటే పసుపుగానే ఉంటుంది.

ఊళ్ళో దిగినాక గానీ తెలియలేదు ఆ ఏడు ఎంత పాడు ఏడో. బీళ్ళల్లో గడ్డి కాదు, గడ్డి వేరు కూడా లేదు. గిద్దలూరు దాటి అడివి పక్కకు తోలుకుపోయిన మందలు కూడా డొక్కలు అంటుకుపోయి తిరిగి వచ్చినాయి. మా నాయన గొర్రెలు నిలబడి నిలబడి మోకాళ్ళ మీద వాలుతున్నాయి. ఊరంతా కలిపి పచ్చగా కనపడేది ఒకటే, మా ఎండిపోయిన జొన్న చేలో వారం కింద పడిన జల్లుకు లేచిన పచ్చ. గొర్రెలు దాన్ని చూసి అరుస్తా ఉంటే నాయన అటు పక్కకు తిరిగి కూర్చునేవాడు. ఆ చేలోకి మందను తోలొచ్చా, తోలకూడదా? ఇంట్లో వేరే మాటే లేదు.

దానికి నాయన దగ్గర ఒక పద్ధతి ఉంది, వాళ్ళ నాయన దగ్గర నేర్చుకున్నది. పండ్లు అరిగిన ముసలి గొర్రెను ఒకదాన్ని తాడు కట్టి చేలో వదిలేది. గట్టు మీద కూర్చుని బీడీ తాగుతా పొద్దు వాలేదాకా దాన్నే చూస్తా ఉండేది. అది నెమరేస్తే మర్నాడు మంద దిగుతుంది. పడిపోతే చేను వైపు మళ్ళీ చూసేది లేదు.

ఆ పొద్దున నాయన ముసలి గొర్రె మెడకు తాడు కడుతున్నాడు. "దాన్నెందుకు చంపుకుంటావు నాయనా? నా దగ్గర కాగితం ఉంది గదా" అన్నా. నాయన నా ముఖం చూసినాడు. "అది అంత ఖాయంగా చెబుతుందా పాపా?" అని అడిగినాడు. "నీ గొర్రె కంటే ఖాయంగా చెబుతుంది" అన్నా. తాడు విప్పేసినాడు.

చేలో నాలుగు చోట్ల ఆకులు తెంపి నాలుగు సీసాల్లో వేసి గట్టు మీద పెట్టినా. రెండు గంటలు కూర్చున్నాం. నాలుగు కాగితాలూ పసుపుగానే ఉన్నాయి, ఒక్కటైనా ఛాయ మారలేదు. వాటికి ఫొటోలు కూడా తీసుకున్నా. "తోలు నాయనా" అన్నా.

పదకొండు పోయినాయి. మొదటిది పడినప్పుడు కాలు మడతపడిందేమో అనుకున్నా. రెండోది పడినప్పుడు నాయన అరిచిన అరుపు నేను ముందెప్పుడూ వినలేదు. చుట్టుపక్కల చేలల్లో ఉన్నోళ్ళంతా పరిగెత్తుకొచ్చినారు. నాయనతో కలిసి మందలు తోలే పక్కూరి మామ ఒకాయన ఒక్కొక్క గొర్రె తల ఒళ్ళో పెట్టుకుని బెల్లం నీళ్ళు పోస్తా ఉన్నాడు. పశువుల డాక్టరు వచ్చి సూదులు వేసినాక మిగతావి నిలబడినాయి. చచ్చిన గొర్రెల కడుపులు ఉబ్బుతా ఉంటే నేను సీసాలు పట్టుకుని నిలబడి ఉన్నా. ఎందుకు పట్టుకున్నానో నాకే తెలియదు.

జనం "ఏంది, ఎట్ల అయింది" అని అడిగినారు. నేను నోరు తెరిచేలోపు నాయన అందుకున్నాడు. "పాప కాగితం పెట్టకముందే నేను తొందరపడి తోలినా. తప్పు నాదే" అన్నాడు. నేను కాదనలేదు. అందరి ముందూ నిలబడి నాయన నా తప్పు నెత్తినేసుకుంటా ఉంటే, నేల చూస్తా ఊరుకున్నా. సిగ్గేసింది, దానితో పాటు కొంచెం ఊరట కూడా కలిగింది. ఆ ఊరట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

మర్నాడు ఒక్కదాన్నే చేలోకి పోయి ఒంగి, మొదళ్ళ దగ్గరున్న పిలకలు తెంపి సీసాలో వేసినా. టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపే కాగితం ఇటుక రంగుకు తిరిగింది. అప్పుడర్థమయింది. ముందురోజు నేను నిలబడి, చేతికందిన ఎత్తులో ముదురాకులు తెంపినా. గొర్రె తలొంచుకుని మేస్తుంది. గొర్రెల మధ్య పుట్టి పెరిగిన దాన్ని, ఒంగి ఒక పిలక తెంపాలని నాకు తోచలేదు. నాయనకు చెప్పినా. "ఎవరితోనూ అనొద్దు. నీ చదువు మీద మాట పడనియ్యను" అన్నాడు. మిగిలిన కాగితాలు ముట్టుకోబుద్ధి కాక ఇంట్లో గూట్లోనే వదిలేసి హైదరాబాదు బస్సెక్కినా.

జట్టుకు కూడా నాయన చెప్పిన మాటే చెప్పినా. నాయకురాలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ తర్వాత కాసేపటికి, "ఇది మన ప్రెజెంటేషన్ మొదట్లోనే ఉండాలి" అనింది. ఆమెను తప్పు పట్టను, ఆమెకు తెలిసిందంతే. అట్ల మొదటి స్లైడులో మా చేను ఫొటో, కింద ఒక వాక్యం చేరినాయి: పరీక్ష చేసుకోకుండా మేపడంతో కాపరి పదకొండు గొర్రెలను పోగొట్టుకున్నాడు. ఆ వాక్యం టైపు చేసింది నేనే.

ఫైనల్ నాడు మా కంటే ముందు జట్టు మాట్లాడుతుండగా ఫోన్ మోగింది. పక్కూరి మామ. హాలు వెనక్కి పోయి ఎత్తినా.

"తల్లీ, మీ నాయన ఇంట్లో లేకున్నా గూట్లో ఉన్న నీ కాగితం తీసుకొచ్చి మా చేలో పెట్టినా. పసుపుగానే ఉంది. మంద ఇప్పుడే దిగింది. నీతో ఒక మాట చెబుదామని చేసినా."

"ఏ ఆకు తెంపినావు మామా?"

"ఆ రోజు నువ్వు తెంపినట్టే, నిలబడి పైది తెంపినా."

"బయటికి తోలు మామా. ఇప్పుడే తోలు. డాక్టరుకు ఫోన్ చెయ్" అని అరిచినా. హాలంతా తిరిగి చూసింది. అవతల మామ గొర్రెలను అదిలిస్తా పరిగెత్తే చప్పుడు వినపడి, ఫోన్ తెగిపోయింది. అప్పుడే మా జట్టును పిలిచినారు. మొదటి స్లైడు నా వంతు. ఆ వాక్యం ఉన్నదున్నట్టు చదివినా, గొంతు వణికినా ఆపలేదు. నా వణుకు చూసి జడ్జీలు తలలూపినారు. మాకు రెండో బహుమతి వచ్చింది. ఊరి కష్టం తెలిసిన డిజైన్ అని మెచ్చుకున్నారు.

సాయంత్రం మామ మళ్ళీ ఫోన్ చేసినాడు. "నాలుగు పోయినాయి తల్లీ. మిగతావి నెమరేస్తున్నాయి. నువ్వు చెప్పబట్టి మంద నిలిచింది."

ఆ మెప్పు మింగలేకపోయినా. "మామా, మా గొర్రెలు పోయింది నా కాగితం చూసుకునే. నాయన నన్ను కాపాడుకోడానికి అబద్ధం చెప్పినాడు" అన్నా.

"తెలుసులే తల్లీ. గట్టు మీద సీసాలు పెట్టుకుని కూర్చున్నారు గదా మీరిద్దరూ. మేమంతా చూసినాం. మీ నాయన అట్ల అంటుంటే ఎవరు మాత్రం కాదంటారు."

"మరి తెలిసి తెలిసి ఎందుకు తోలినావు?"

"మూడు రోజులుగా తుమ్మకాయ కూడా దొరకలేదు. చేలోకి తోలకపోయినా పడిపోయేవే. ఎర్రగా తిరిగినా తోలేవాణ్ణేమో. పసుపుగా ఉందిగదా అని కొంచెం ధైర్యం చేసినా" అన్నాడు.

చేతిలో బహుమతి కవరుంది. నా పక్కనే జట్టోళ్ళు ఫొటోలు దిగుతున్నారు. మామ మళ్ళీ అందుకున్నాడు.

"జరిగింది జరిగింది తల్లీ. నువ్వు చదువుకున్నదానివి. రేపు పొద్దున యాడ మేపాల్నో అది చెప్పు."