లోతు వైపు ముడత

ఈత టీచరమ్మకి ఆ వీధిలో ఎదురులేదు. నీళ్ళు చూస్తేనే ఏడ్చే పిల్లల్నీ, పిల్లల్ని దింపడానికి వచ్చి తామే జడుసుకునే తల్లుల్నీ నెల తిరక్కుండా చేపల్లా ఈదించేసేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈవిడ రచ్చ గెలిచింది గానీ ఇల్లు మిగిలిపోయింది. ఆవిడ భర్త దర్జీ. పెరట్లోనే కొలను ఉన్నా ఒక్కనాడూ అందులో పాదం తడపలేదు. చిన్నప్పుడెప్పుడో మునిగి బతికాడట. "నా ఒంటికి చెంబు నీళ్ళు చాలు" అంటూ కుట్టుమిషను దగ్గరికి తప్పుకునేవాడు. బతిమాలీ బతిమాలీ చివరికి ఆవిడే ఊరుకుంది, కానీ ఆశ మాత్రం చావలేదు.

ఆ ఏడు కొలను లైనరు చిరిగింది. లైనరంటే అడుక్కీ గోడలకీ కలిపి తొడిగే దళసరి ప్లాస్టిక్ చొక్కా అనుకోండి. అది చిరిగితే నీళ్ళు నిలవవు, నీళ్ళు నిలవకపోతే క్లాసులు లేవు. సెలవులు మొదలయ్యే సోమవారానికల్లా కొత్త నీళ్ళలో క్లాసని టీచరమ్మ ఊరందరికీ చెప్పేసింది. చెప్పాక కాంట్రాక్టర్ని వెతుక్కుంది. ఆవిడ తీరే అంత.

కాంట్రాక్టరు మాటలో తేనె కారుతుంది. కొలను చుట్టూ ఓసారి తిరిగి, "రెండ్రోజుల పని మేడమ్, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాడు.

"టేపు పెట్టవా బాబూ?" అన్నాడు దర్జీ.

"నా కళ్ళే టేపు సార్!"

"కళ్ళతో కొలిచి నేను చొక్కా కుడితే నన్నీ వీధిలో బతకనిస్తారా?" దర్జీ మెడలో టేపు తీసి, తాను గట్టు దిగకుండానే రెండో కొస కాంట్రాక్టరు చేతికిచ్చి, ప్రతి మూలా కొలిపించాడు. ఆ కొలతలతోనే కొత్త లైనరు చేయించారు.

తీరా పాత లైనరు లాగేసరికి కింద సిమెంటు అటుకుల్లా పొరలు పొరలుగా లేచింది. "ఇది మన లెక్కలో లేదు మేడమ్" అన్నాడు కాంట్రాక్టరు. మర్నాడు నిచ్చెన బోల్టులు తుప్పు పట్టి చేతిలోకొచ్చాయి. అదీ లెక్కలో లేదట. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. టీచరమ్మ కొనుక్కుందామనుకున్న స్కూటరు కాస్తా సిమెంటులో కలిసిపోయింది.

"దిగితేగానీ లోతు తెలీదండీ" అంది భర్తతో.

"అందుకే నేను దిగను."

అయినా ఆవిడ హుషారు తగ్గితేనా! ఆదివారం పొద్దున్నే నీలం లైనరు కొలను నిండా పరుచుకుంటే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. లైనరు వెనకున్న గాలిని లాగే మోటారు రొద మొదలైంది. దాని పైపు కొసని గట్టు దగ్గర లైనరు వెనకకి దూర్చి, కదలకుండా టీచరమ్మే పట్టుకుంది. వదిలితే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. మొదటి ట్యాంకరు నీళ్ళు ధారగా పడసాగాయి.

అప్పుడు కనబడింది ముడత. లోతు వైపు మూలలో, అడుగు నుంచి గోడ మీదికి బొటనవేలంత లావున పాకింది. కొలతలు తీశాక అక్కడ కొత్త సిమెంటు మందంగా వేశారు. దాంతో ఆ మూల లైనరు వదులైపోయింది.

"నీళ్ళ బరువుకి అదే సర్దుకుంటుంది మేడమ్" అన్నాడు కాంట్రాక్టరు, ఫోను చెవిన పెట్టుకుని రెండో ట్యాంకరు కోసం వీధిలోకి నడుస్తూ. అతని మనుషులు అటు పక్క మెట్ల దగ్గర బోల్టులు బిగిస్తున్నారు.

"ముడత మీద ఇస్త్రీ పెడితే ముడత పోతుందా? ఇంకా గట్టిపడి చస్తుంది!" దర్జీ కేక పెట్టాడు. నిజమే. నీళ్ళెక్కితే ఆ ముడత అక్కడే బిగుసుకుపోతుంది. పిల్లల వేళ్ళు తట్టుకుంటాయి, అందులో పట్టే పాచి ఎంత తోమినా పోదు. టీచరమ్మ చేతిలో చూస్తే పైపు!

"ఈ పైపు ఎవరైనా పట్టండర్రా!" అని ఆవిడ అరిచేలోగా దర్జీ చెప్పులు విడిచాడు. ప్యాంటు మడిచాడు. ఆ మూలనున్న నిచ్చెన పట్టుకుని దిగాడు. నీళ్ళు చీలమండలదాకానే ఉన్నాయి. పిలిస్తే ఎక్కడ తెలివొచ్చి ఎక్కేస్తాడోనని టీచరమ్మ పెదవి కొరుక్కుంది.

అడుగున ముడతని మడమతో గోడ వైపు నెట్టాడు. గోడ మీది ముడతని నీళ్ళు అందుకునేలోపు అరచేతులతో పైకి, పక్కకి సాగదీశాడు. "ఆగవే, ఆగు, ఎక్కడికి పోతావు" అని దానితోనే మాట్లాడుతున్నాడు. నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. రెండో ట్యాంకరొచ్చింది. నడుముకొచ్చాయి. నీళ్ళు ముందా, అతని చేతులు ముందా అన్నట్టుంది పందెం. టీచరమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. మోటారు కట్టేసినా పైపు వదల్లేదు.

"చూశావా, ఒక్క గీత లేదు!" గోడ మీద చెయ్యి ఆనించి అతను గెలుపుగా తిరిగాడు. తిరిగాక చూసుకున్నాడు. నీళ్ళు ఛాతీ మీదున్నాయి.

మొహం పాలిపోయింది. రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నాడు.

"నీళ్ళు ఆపండి! ఆపండర్రా!" అంటూ టీచరమ్మ పైపు పారేసి పరిగెత్తింది.

"ఆపించకు" అన్నాడు. నిచ్చెన మాత్రం ఎక్కలేదు. "నువ్వు దిగు."

చేతి గడియారమైనా తీయకుండా ఆవిడ దూకేసింది.